పట్టము రాకమునుపే పరిశోధన

పట్టము పుచ్చుకొనని విద్యార్థి తన పరిశోధనను విద్వత్పత్రికకు పంపుట దుస్సాహసమని కొందరందురు. మేమట్లు తలంపము. చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో ఆనర్సు చదువుచుండగనే సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ తన వ్యాసమును కేంబ్రిడ్జిలోని ఫౌలరునకు పంపెను. ఆయన సూచించిన మార్పులు చేసిన పిదప అది 1929లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. అప్పటి కాతనికి 19 ఏండ్లయినను నిండలేదు.

మంచి పత్రిక వయస్సును చూడదు. కొలతను, తర్కమును చూచును. పరిశీలకులు లోపములు చూపి వ్యాసమును త్రిప్పి పంపినచో అది అవమానము గాదు, పాఠము. అయితే ఒకే వ్యాసమును ఒక్కమారే రెండు పత్రికలకు పంపరాదు. ఇతరుల మాటలను తనవిగా చెప్పరాదు. తోడ్పడిన గురువులను మరువరాదు. పరీక్షింపకయే రుసుము గైకొని అచ్చువేయు పత్రికలును నేడు గలవు. వానివలన వచ్చు కీర్తి నీటిపై వ్రాత.

తమిళనాట తెలుగున చదువుకొంటిమి, ఇంగ్లీషు పత్రికలు మనకేలయని మన విద్యార్థులు వెనుదీయరాదు. చూచినదానిని మాతృభాషలో తేటగా వ్రాయనేర్చినవాడు దానిని మరియొక భాషలోనికి తేగలడు. కావున నేటినుండియే ప్రయోగ పుస్తకమున తేదీ వేసి, చూచినది చూచినట్లు వ్రాయుదము.