వఖ్ఫ్ గుర్తులో ఒక అక్షరం

ఖుర్ఆన్ పఠనం నేర్పే ప్రతి ఉస్తాదుకూ అనుభవంలో ఉన్న సంగతి ఇది. విద్యార్థి అక్షరాలన్నీ సక్రమంగానే పలుకుతాడు. కాని ఆగవలసిన చోట ఆగడు, ఆగకూడని చోట ఆగిపోతాడు. ముస్‌హఫ్‌లో పంక్తుల పైన కనిపించే చిన్న చిన్న వఖ్ఫ్ గుర్తులు ఆయత్‌లోని పదాలు కావు. వాటిని ఎవరూ పఠించరు. అయినా వాటిని లక్ష్యపెట్టకపోతే ఒక్కోసారి భావమే తారుమారవుతుంది. మానవ శరీరంలోని ఒక జన్యువును గురించి చదువుతున్నప్పుడు నాకు ఈ గుర్తులే జ్ఞప్తికి వచ్చాయి. దైవవాణితో జీవకణాన్ని పోలుస్తున్నానని పాఠకులు భావించరాదు. పాఠం చెప్పేవాడు తనకు తెలిసిన చోటి నుంచే ఉపమానం తెచ్చుకుంటాడు.

రోగక్రిములు శరీరంలో ప్రవేశించినప్పుడు వాటిని పట్టుకునే రక్షక పదార్థాలను యాంటీబాడీలు అంటారు. ఒక్కొక్క యాంటీబాడీలో రెండు బరువైన గొలుసులు, రెండు తేలిక గొలుసులు ఉంటాయి. క్రిమిని పట్టుకునే కొసలు ఈ రెండు రకాల గొలుసులూ కలిసిన చోట ఏర్పడతాయి. తేలిక గొలుసులలో కప్పా, లాంబ్డా అని రెండు జాతులున్నాయి. మానవులలో కప్పా గొలుసుకు సంబంధించిన జన్యువులు 2వ క్రోమోజోములోను, లాంబ్డావి 22వ దానిలోను ఉన్నాయి.

ఇక్కడ శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించిన చిక్కు ఒకటున్నది. మనిషిలోని జన్యువులు సుమారు 20,000. శరీరం తయారుచేయగల యాంటీబాడీల రకాలు కోట్లకు మించినవి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క జన్యువు కావాలంటే ఎక్కడ చాలుతుంది? స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో పరిశోధన చేస్తున్న జపాన్ శాస్త్రజ్ఞుడు సుసుము తొనెగావా 1976లో దీనికి సమాధానం చూపాడు. తేలిక గొలుసు జన్యువు పూర్తి రూపంలో వారసత్వంగా రాదు, ముక్కలుగా వస్తుంది. ఎముక మూలుగలో రక్షక కణం తయారవుతున్నప్పుడు, కప్పా గొలుసు కొరకు పనిచేసే సుమారు 40 పెద్ద ముక్కలలో ఒకటి, 5 చిన్న ముక్కలలో ఒకటి ఎంపికై అతుక్కుంటాయి. మధ్యలో ఉన్నది తొలగిపోతుంది, లేదా పక్కకు తప్పుకుంటుంది. కణం మారితే జత మారుతుంది. బరువైన గొలుసులోనూ ఇటువంటి కూర్పే జరుగుతుంది. ఈ ఆవిష్కరణకు తొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి లభించింది.

కత్తిరింపు ఎక్కడ జరగాలో కణానికి ఎలా తెలుస్తుంది? ప్రతి ముక్క చివర ఒక గుర్తు ఉంటుంది: ఏడు అక్షరాలు, కొంత ఎడం, ఆపైన తొమ్మిది అక్షరాలు. ఈ గుర్తు యాంటీబాడీలో భాగం కాదు. కత్తిరించే ఎంజైముకు చోటు చూపించడమే దాని పని. మొదట చెప్పిన వఖ్ఫ్ గుర్తు వంటిదే ఇది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అమెరికా నైరుతి ప్రాంతంలో, అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాలలో నవహో అనే ఆదివాసి జాతి నివసిస్తున్నది. ఒకప్పుడు వారి శిశువులలో హిబ్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే మెదడుపొరల వాపు ఇతర జనంలో కంటే 5 నుంచి 10 రెట్లు అధికంగా ఉండేది. ఈ వ్యాధి బిడ్డ ప్రాణం తీస్తుంది. ప్రాణం దక్కినా కొందరికి వినికిడి పోతుంది. హిబ్ క్రిమి తన చుట్టూ చక్కెర పదార్థంతో ఒక కవచం కట్టుకుంటుంది. ఆ కవచాన్ని పట్టుకునే యాంటీబాడీలలో చాలావరకు కప్పా జన్యువులలోని ఏ2 అనే ఒకే ఒక ముక్కతో తయారైనవని తేలింది. నవహోలలో ఈ ముక్క తాలూకు ఏడక్షరాల గుర్తులో ఒక అక్షరం మారిన రూపం తరచుగా కనిపిస్తున్నదని 1996లో పరిశోధకులు ప్రకటించారు. గుర్తు చెదిరితే ఎంజైము ఆ ముక్కను అరుదుగా ఎంచుకుంటుంది. ఆయుధం ఉన్నది, దానిని అందుకునే పిడి సరిగా లేదు.

ఆ పరిశోధకులు వాడిన మాట ‘కారణం కావచ్చు’ అన్నదే తప్ప ‘ఇదే కారణం’ అని కాదు. వారి జాగ్రత్త నాకు నచ్చింది. నవహోల ఇళ్ళలో చాలావాటికి కుళాయి నీరు లేదు. ఇరుకు గదులు, కట్టెల పొయ్యి పొగ ఉన్నాయి. వీటిని వదిలేసి ‘వారి రక్తమే అంత’ అని తీర్మానించడం అన్యాయం. వంశాన్ని బట్టి ఒకరికి మరొకరిపై ఆధిక్యం లేదని దైవప్రవక్త (సఅసం) తన అంతిమ హజ్ ప్రసంగంలోనే తేటతెల్లం చేశారు కదా!

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేరొకటి. కారణం తెలియకముందే విరుగుడు వచ్చింది. మన దక్షిణ భారతంలో వైద్యవిద్య అభ్యసించి అమెరికా వెళ్ళిన డాక్టర్ మధురం సంతోషం, ఆయన సహచరులు అయిదు వేలకు పైగా నవహో శిశువులపై ఒక టీకాను పరీక్షించి 1991లో ఫలితాలు వెల్లడించారు. క్రిమి కవచపు చక్కెరను ఒక మాంసకృత్తుకు జోడించి ఆ టీకాను తయారుచేశారు. ఉత్తుత్తి సూది పొందిన బృందంలో ఇరవైమందికి పైగా బిడ్డలు వ్యాధికి గురికాగా, టీకా పొందిన బృందంలో ఒక్కరే గురయ్యారు. ఏ2 ముక్క అందనిచోట శరీరం తక్కిన ముక్కలతో పని నెరవేర్చుకోగలదు. దానికి ముందుగా శత్రువును పరిచయం చేయాలి, అంతే.

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. హిబ్ మన పిల్లలకూ వస్తుంది. అయిదు వ్యాధులకు కలిపి ఇచ్చే పెంటావాలెంట్ టీకాలో కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి లతో పాటు అయిదవది ఇదే. ప్రభుత్వం దీనిని 2011లో కేరళ, తమిళనాడులలో ప్రారంభించి, తరువాత దేశమంతటికీ విస్తరించింది. అయినా మన బస్తీలలో ఆశా కార్యకర్త తలుపు తట్టితే ‘బిడ్డకు జ్వరం వస్తుంది, వద్దు’ అనే పెద్దలున్నారు. ‘రాసి ఉన్నది జరుగుతుంది’ అనేవారూ ఉన్నారు. హజ్‌కు బయలుదేరే ముందు మెదడుపొరల వాపు టీకా వేయించుకోవడానికి ఆ పెద్దలెవరూ అభ్యంతరం చెప్పగా నేను వినలేదు. ఆ టీకా వేరొక క్రిమికి. వ్యాధి మాత్రం ఇటువంటిదే. తాతకు సమ్మతమైనది మనుమడికి ఎందుకు కాదు?

విధివ్రాత పేరు చెప్పేవారు హజ్రత్ ఉమర్ (రజి) షామ్ ప్రయాణాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. ఆయన సర్గ్ అనే చోటికి చేరినప్పుడు ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహాబీలతో సంప్రదించి వెనుదిరిగారు. ఇది అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోవడం కాదా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగినప్పుడు, ఒక నిర్ణయం నుంచి వెళ్ళేది కూడా అల్లాహ్ నిర్ణయంలోకే అన్న భావంతో ఆయన సమాధానమిచ్చారు. పచ్చని మేత ఉన్న లోయ ఒకవైపు, ఎండిన లోయ మరొకవైపు ఉంటే ఒంటెల కాపరి ఎటు తోలుతాడో చెప్పమని ఉపమానం కూడా చూపారు.

బిడ్డ పుట్టిన తరువాత 6, 10, 14 వారాలకు ఈ టీకా మూడు మోతాదులు వేస్తారు. అంగన్‌వాడీలో, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. సూది వేసిన రోజు కొద్దిపాటి జ్వరం, తొడ మీద నొప్పి, వాపు రావచ్చు. ఒకటి రెండు రోజులలో తగ్గిపోతాయి. తగ్గకుంటే ఏఎన్ఎంకు చెప్పండి. తేదీ దాటిపోయిందని మానుకోవద్దు. బిడ్డకు ఏడాది నిండకముందే ఆ కార్డు తీసుకుని వెళ్ళి అడిగితే మిగిలినవి వేస్తారు.