ఎంకపల్లి ఇండ్లలోని కంప్యూటర్లకు పైసా ఖర్చు లేని కాపలా! ఆదివారం పంచాయతీ కాడికి రండి

ఎంకపల్లి అన్నలారా, అక్కలారా, పొద్దున్నే కాలేజీ బస్సెక్కే తమ్ముళ్లూ చెల్లెళ్లూ!

ఈ కాగితం ఓటు అడగడానికి రాలేదు. ప్లాట్లు అమ్మడానికీ రాలేదు. మీ ఇంట్లో టేబుల్ మీదున్న కంప్యూటర్ గురించి వచ్చింది.

అందులో ఏమేం దాచారో ఒకసారి తెరిచి చూడండి. పట్టాదారు పాసుపుస్తకం స్కాన్, పాత పహాణీ నకళ్లు, సేల్ డీడ్, ఈసీ. 2020లో ధరణి వచ్చినప్పుడు ఒకసారి, 2025లో భూభారతి వచ్చినప్పుడు ఇంకోసారి, బీరువాలోని కాగితాలన్నీ తీసి స్కాన్ చేయించిన ఇండ్లు మన చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాటి పక్కనే ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్ మొదటి పేజీ. బిడ్డ పెళ్లి ఫొటోలు. మార్కెట్‌కు వేసిన పూలు, కూరగాయల లెక్కలు. పిల్లల ప్రాజెక్టు రిపోర్టు.

భూమి కాగితం స్కాన్ పోతే పోయింది, అసలు బీరువాలో ఉంటుంది. పెళ్లి ఫొటోలకు, లెక్కలకు వేరే అసలు లేదు. ఆధార్, పాన్, సంతకం ఉన్న స్కాన్ల సంగతి ఇంకో తీరు. అవి పోవడం కన్నా ఇంకొకడి చేతిలో పడడం ప్రమాదం. ఎకరం కోట్లలో పలికే చోట ఈ మూడింటినీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుని, ఆ కంప్యూటర్‌కు ఎవరి పెన్‌డ్రైవ్ పడితే వాళ్లది గుచ్చుతున్నాం.

"మనసొంటోళ్ల కంప్యూటర్ మీద ఎవని కన్ను పడ్తది?" అని నవ్వేవాళ్లున్నారు. ఎవని కన్నూ పడదు, నిజమే. వైరస్ మనిషి కాదు, ఊరూ పేరూ చూసుకుని రాదు. అదొక ప్రోగ్రామ్, తలుపు తెరిచి ఉన్న కంప్యూటర్ ఏదా అని వెతుక్కుంటూ పోతుంది. అది పోలీస్ ఠాణా అయినా సరే, కొండ మీది దేవస్థానం అయినా సరే.

2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ బయటపడింది. రాన్సమ్‌వేర్ అంటే మన ఫైళ్లకు మనకు తెలియని తాళం వేసి, తాళంచెవి కావాలంటే పైసలు కట్టమనే వైరస్. నూటయాభై దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలయ్యాయి. ఒక్కో కంప్యూటర్‌కు 300 డాలర్లు, అదీ బిట్‌కాయిన్లలో అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు మొదలుకొని శ్రీకాకుళం దాకా పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు ఆగిపోయాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లకూ అది సోకింది. ఇందులో అసలు బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది, అంటే రెండు నెలల ముందే. 'అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయండి' అని అడిగితే 'తర్వాత' అని నొక్కే అలవాటు మన ఒక్కరిదే కాదన్న మాట.

ఇంకా దగ్గరి కథ చెప్తాం. 2019లో ఏప్రిల్ పోయి మే వస్తున్న రోజుల్లో మనకు కరెంటు ఇచ్చే దక్షిణ డిస్కమ్‌తో పాటు రెండు రాష్ట్రాల డిస్కమ్‌ల సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ పడింది. బిల్లు కట్టే వెబ్‌సైట్లు పడిపోయాయి. ఒకదానికొకటి కలిపి ఉన్న సర్వర్లు కాబట్టి ఒకచోట అంటుకున్నది అన్నిచోట్లకూ పాకింది. బిట్‌కాయిన్లు పంపితేనే విడుస్తామన్నారు. అయినా డిస్కమ్‌లు మళ్లీ లేచి నిలబడ్డాయి. ఎందుకంటే లెక్కల కాపీ వేరేచోట ఉంది. మన బిల్లుల లెక్కకు ఇంకో కాపీ ఉంది సరే, మీ పెళ్లి ఫొటోలకు ఉందా?

1908లో మూసీ పొంగి పట్నాన్ని ముంచిన తర్వాతే నిజాం సర్కారు మన పక్కన గండిపేట కట్టించింది. వరద వచ్చాక కట్ట కట్టే పద్ధతి ఫైళ్ల విషయంలో పనికిరాదు. వైరస్ తాళం వేసిన తర్వాత కాపీ తీస్తే తాళం వేసిన ఫైలే కాపీ అవుతుంది.

ఇక ఇంటి కంప్యూటర్ల మీదే పడి బతికే వైరస్ ఇంకోటుంది. స్టాప్ అంటారు, డీజేవీయూ అని కూడా అంటారు. పెద్ద కంపెనీల జోలికి పోదు. ఫొటోషాప్, ఆటలు, తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ 'ఫ్రీ ఫుల్ వెర్షన్', 'క్రాక్', 'కీజెన్' అని వెతికేవాళ్ల కోసమే కాపు కాస్తుంది. క్రాక్ ఫైలు నడిపిన కాసేపటికి ప్రతి ఫొటో పేరు చివర ఒక కొత్త తోక కనిపిస్తుంది, ఏ ఫొటో తెరుచుకోదు. పక్కన ఒక చీటీ. 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లో మెయిల్ చేస్తే సగం ధర, 490 డాలర్లే. దసరా ఆఫర్ లాగా డిస్కౌంట్ ఇచ్చే దొంగను ఇక్కడే చూస్తాం.

క్రాక్ ఇచ్చేవాడు ముందుగా ఏం చెప్తాడో గుర్తు చేసుకోండి. "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అంటాడు. కాపలావాణ్ణి పంపించేసి తలుపు తీయమంటున్నాడు, మనం తీస్తున్నాం. గేమ్ కోసం తీసే పదో తరగతి పిల్లవాణ్ణి కొట్టకండి. ఇంట్లో అదే కంప్యూటర్‌లో విండోస్ కూడా దొంగదే నడుస్తుంటే వాడికి ఏ ముఖంతో చెప్తాం? సెకండ్ హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్ అయితే, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా తెలిసినవాళ్ల దగ్గర కొన్నా, సెట్టింగ్స్‌లోకి పోయి రెండు చూడండి. విండోస్ అప్‌డేట్ నడుస్తోందా, విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆన్‌లో ఉందా. దొంగ విండోస్ వేసిన చోట చాలాసార్లు ఈ రెండింటినీ ఆపేసి ఉంటారు.

తాళం వేసే వైరస్ కనీసం చీటీ పెట్టి చెప్తుంది. చప్పుడు లేకుండా దోచుకునేవి ఇంకా చెడ్డవి. లుమ్మా అనే దాన్ని 2025 మేలో మైక్రోసాఫ్ట్, అనేక దేశాల పోలీసులు కలిసి దెబ్బ తీశారు. ఆ ముందు రెండు నెలల్లోనే 3,94,000 విండోస్ కంప్యూటర్లలో అది దొరికింది. ఇవి ఫైళ్లకు తాళం వేయవు. క్రోమ్‌లో 'పాస్‌వర్డ్ సేవ్ చేయాలా' అని అడిగితే 'సరే' అన్నాం కదా, ఆ పాస్‌వర్డులన్నీ మూటగట్టి పంపేస్తాయి. కంప్యూటర్ మామూలుగానే నడుస్తుంది. ఈమెయిల్, ఫేస్‌బుక్, బ్యాంకు ఖాతా మీద వేరేవాడు కూర్చున్నాకే మనకు తెలుస్తుంది. అందుకే బ్యాంకు పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో దాచకండి. ఈమెయిల్‌కు రెండంచెల తాళం, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లో కూడా ఒప్పుకోవాలనే ఏర్పాటు, ఈ రోజే పెట్టండి. మిగతా ఖాతాలన్నింటి పాస్‌వర్డ్ మార్చుకునే దారి ఈమెయిలే కాబట్టి ముందు దాన్ని కాపాడాలి.

జిరాక్స్ షాపుల సంగతి చెప్పకుండా ఎట్లా? హాల్ టికెట్ ప్రింట్ కోసం మొయినాబాద్‌కో చేవెళ్లకో పెన్‌డ్రైవ్ తీసుకుపోతాం. రోజంతా పదిమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చిన కంప్యూటర్ అది. ఇంటికొచ్చి తెరిస్తే ఫోల్డర్లు ఉన్నట్టే ఉంటాయి, కానీ అన్నీ షార్ట్‌కట్లు. అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేరుతో వైరస్సే కూర్చుంటుంది. డబుల్ క్లిక్ చేశామా, ఇంట్లోకి వచ్చేసినట్టే. ఫోల్డర్ బొమ్మ మీద చిన్న బాణం గుర్తు కనిపిస్తే ముట్టుకోకండి, పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయండి. జిరాక్స్ అన్నలకూ ఒక మనవి. మీ కంప్యూటర్‌లో కూడా డిఫెండర్ ఆన్ చేసి ఉంచండి, పొద్దుగూకే ముందు జనం ఇచ్చిన ఆధార్, పాన్ ఫైళ్లు తుడిచేయండి. మీ షాపు మీద నమ్మకంతోనే కదా ఊరు వస్తుంది.

ఇంకొకటి. నెట్ చూస్తుండగా తెరంతా ఎర్రగా మారి, 'మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి' అని సైరన్ మోగితే అది వైరస్ కాదు, బెదిరింపు బొమ్మ. మైక్రోసాఫ్ట్ ఎప్పుడూ తెర మీద ఫోన్ నంబర్ ఇవ్వదు. ఎస్కేప్ మీట నొక్కి పట్టుకోండి, బ్రౌజర్ మూసేయండి, మూసుకోకపోతే పవర్ బటన్ నొక్కి ఆపేయండి. ఫోన్ చేశారా, ఎనీడెస్క్ వేసుకోమంటాడు, మీ కళ్ల ముందే మౌస్ వాడి చేతిలోకి పోతుంది. ఫోన్‌లో పీఎం కిసాన్ పేరుతోనో, చలాన్ పేరుతోనో, పెళ్లి కార్డు పేరుతోనో వచ్చే ఏపీకే ఫైలూ ఇదే జాతి. పెళ్లి పిలుపు ఏపీకేలో రాదు, బొట్టు పెట్టి చెప్తారు.

మరి పైసలు పెట్టి యాంటీవైరస్ కొనాలా? ఇంటి వరకైతే అక్కర్లేదన్నది మా మాట. విండోస్ 10, 11లో డిఫెండర్ ఉచితంగానే ఉంది, ఆపకుండా ఉంటే చాలు. రెండు మూడు యాంటీవైరస్‌లు వేస్తే ఒకదానికొకటి అడ్డం పడతాయి. వైరస్ పట్టిందని అనుమానం ఉంటే కేంద్ర ప్రభుత్వం 2017లో పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైట్‌లో శుభ్రం చేసే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. ఆ ఆదా చేసిన పైసలతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. ఫొటోలు, కాగితాలు అందులోకి కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెట్టండి. వైరు పీకడం మరవద్దు. తగిలించి ఉంచిన డిస్క్‌కూ రాన్సమ్‌వేర్ తాళం వేస్తుంది. నెలకొకసారి, అమావాస్య గుర్తు పెట్టుకున్నా సరే, మళ్లీ తీసి కొత్తవి కలపండి.

పిల్లలు వాడే ఖాతా వేరే చేయండి, దానికి అడ్మిన్ అధికారం ఇవ్వకండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ చేయండి. అప్పుడు బిల్లు అని వచ్చిన పీడీఎఫ్ చివర 'ఈఎక్స్ఈ' ఉందో లేదో బయటపడుతుంది.

విండోస్ 10 వాడేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. 2025 అక్టోబర్ 14తో దాని మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రత అప్‌డేట్లు వస్తాయి. పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. వాటిని తూకానికి అమ్మకండి. లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేస్తే నెట్, చదువు, లెక్కలు, తెలుగు టైపింగ్ అన్నీ జరుగుతాయి, పైసా కట్టక్కర్లేదు, క్రాక్ అవసరమే రాదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఏండ్ల నుంచి తెలుగులో చేస్తున్న పని ఇదే.

ఇప్పటికే తాళం పడిందా? ముందు నెట్ వైరు పీకండి, వైఫై ఆపండి. పైసలు కట్టకండి, కట్టినా తాళంచెవి ఇస్తాడన్న పూచీ లేదు. కంగారుపడి ఫార్మాట్ కొట్టించకండి. 2016లో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్ కలిసి మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' వెబ్‌సైట్‌లో కొన్ని వైరస్‌లకు తాళంచెవులు ఉచితంగా ఉన్నాయి. పాత రకం స్టాప్ వైరస్‌కు కూడా దొరికింది. ఈ రోజు లేనిది ఏడాదికి దొరకవచ్చు, అందుకే ఆ ఫైళ్లను అట్లాగే దాచండి. బ్యాంకులో పైసలు పోతే మాత్రం ఒక్క నిమిషం ఆగకండి, 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ పైసలు దొంగ ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి దాచుకునేవాళ్ల వల్లనే వాళ్ల దుకాణం నడుస్తోంది.

ఇవన్నీ ఒక్కరే కూర్చుని చేసుకోవడం కష్టమని మాకు తెలుసు. అందుకే వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిది గంటల నుంచి పంచాయతీ ఆఫీసు ముందర కూర్చుంటాం. ల్యాప్‌టాప్ తెచ్చుకోండి. ఖాళీ హార్డ్ డిస్క్ గానీ పెద్ద పెన్‌డ్రైవ్ గానీ ఉంటే తెండి, అక్కడే కాపీ తీసి చేతికిస్తాం. డెస్క్‌టాప్ మోసుకుని రాకండి, ఇంటి గుర్తు చెప్పిపోండి, సాయంత్రం మేమే వస్తాం. పైసలు తీసుకోం, చాయ్ పోస్తే తాగుతాం. మీ పాస్‌వర్డ్ మాకు చెప్పకండి. మేం పక్కకు తిరుగుతాం, మీరే టైప్ చేయండి. పాస్‌వర్డ్ అడిగినోడు ఎవడైనా సరే, వెళ్లగొట్టండి.

ఛార్జర్ మాత్రం మరిచిపోకండి.

ఇట్లు,
ఎంకపల్లిలో కంప్యూటర్ చదువుతున్న పిల్లలు