పదిహేనేళ్ల తర్వాత నాగా నాయుడు

నెట్‌ఫ్లిక్స్‌లో 2023 మార్చి 10న వచ్చిన ‘రానా నాయుడు’లో వెంకటేశ్ వేసిన నాగా నాయుడు పదిహేనేళ్ల జైలు తర్వాత బయటపడ్డ ముసలి నేరగాడు. కరణ్ అంశుమాన్, సుపర్ణ్ వర్మ తీసిన ఈ సిరీస్‌కు మూలం 2013 నుంచి 2020 దాకా నడిచిన అమెరికా సిరీస్ ‘రే డొనొవన్’. జైలు గేటు దాటిన నాగా హైదరాబాదులో కాళ్లూనుకోడు. ముంబైలో సినిమావాళ్ల తప్పులు కప్పిపెట్టి బతికే కొడుకు రానా నెత్తిన పడతాడు. తెర మీద ఈ తండ్రీకొడుకులుగా వేసినవాళ్లు ఇంట్లో బాబాయి, అన్నకొడుకు.

ఈ కోవ కథలకు ఇరుసు ఒకటే: మనిషి మారడు, చుట్టూ లోకం మారిపోతుంది. 2012 నాటి ‘లిలీహామర్’లో న్యూయార్క్ ముఠా మనిషి ప్రాణభయంతో నార్వేలోని మంచు పట్టణానికి చేరతాడు. 2022లో మొదలైన ‘టల్సా కింగ్’లో సిల్వెస్టర్ స్టలోన్ వేసిన డ్వైట్ మన్‌ఫ్రెడీకి డెబ్బై అయిదేళ్లు; ముఠా పరువు కోసం పాతికేళ్లు జైలు చేసినందుకు దక్కిన బహుమానం ఓక్లహోమాకు సాగనంపడం. దిగిన రోజే అతను ఒక గంజాయి దుకాణంలో దూరి మామూలు అడుగుతాడు. దుకాణానికి లైసెన్సుందన్న సంగతి అతని బుర్రకెక్కదు. ఒకప్పుడు అమ్మితే జైల్లో తోసే సరుకును ఇప్పుడు పట్టపగలు బిల్లు కొట్టి అమ్ముతున్నారు. నవ్వు అక్కడ పుడుతుంది, వెనకే కాస్త జాలి కూడా.

‘రానా నాయుడు’ ఈ నవ్వును చాలావరకు వదులుకుంది. దాని హాస్యమంతా నాగా నోట్లో ఉంది. ఆ నోట్లో బూతే ఎక్కువ. 1986 నుంచి ఇంటిల్లిపాదీ కలిసి చూసిన హీరో కాబట్టి గొడవ దాని చుట్టూనే తిరిగింది. అసలు లోటు బూతు కాదు. పదిహేనేళ్లకు తిరిగొచ్చినవాడికి తన ఊరు కొత్తగా కనబడే అవకాశమే కథలో లేకపోయింది.

ఆ అవకాశం హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌లలో ఎంతుందో లెక్క వేయవచ్చు. 2008లో జైలుకెళ్లినవాడు 2023లో వస్తే రాష్ట్రం పేరే వేరు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మొదలైన మెట్రో, రోడ్డు నెత్తిన నడుస్తోంది. తెల్లవారకముందే లారీలు, హమాలీలు, వేలంపాటలతో హోరెత్తిన కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది. ఆ స్థలం పెద్దాసుపత్రికిచ్చారు. సందు సందునా హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. అక్కడి పిల్లలకు పాత దాదా పేరు తెలిసే దారి లేదు. అన్నిటికన్నా చిత్రం, సరూర్‌నగర్ స్టేషన్‌లో అతని మీద రౌడీషీటుంటే, లోపలికెళ్లిన నాడు అది సైబరాబాద్ కమిషనరేట్ కిందిది. 2016లో రాచకొండ కిందికి పోయింది. సంతకం పెట్టడానికి ఎటు పోవాలో కానిస్టేబుల్‌నే అడగాలి.

తెలుగు తెరకు నవ్వించే దాదాలు కొత్తేం కాదు. 1993 నాటి ‘మనీ’లో బ్రహ్మానందం ఖాన్‌దాదా ఇప్పటికీ జనం నోళ్లలో ఉన్నాడు. అయితే మన దాదాలకు ముసలితనం రాదు. 1989లో ‘శివ’ భవానీలా చస్తారు, లేదంటే నాయకులవుతారు. మోకాళ్ల నొప్పులతో, మామూళ్లు రాని పేటలో, మర్యాద తగ్గిన ఇంట్లో మిగిలిపోయినవాణ్ని రచయితలు దాదాపు పట్టించుకోలేదు.

పోలీసు దస్తరం మాత్రం వాణ్ని మరవదు. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం అలాంటి షీటును డిసెంబరు చివర తిరగెయ్యాలి. ఉంచాలన్నా తీసెయ్యాలన్నా పై అధికారి ఉత్తర్వు కావాలి. పండుటాకు వయసులో ఏటా పొడిగింపు పొందే ఆ కాగితం చుట్టూ ఒక సీజనంత కథ ఉంది. ‘రానా నాయుడు’ రెండో సీజన్ 2025 జూన్ 13న వచ్చింది. బూతు తగ్గింది, కథ ముంబైలోనే ఉండిపోయింది.