పిల్లికి పెరుగన్నం చాలదు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లలో పిల్లికి పెరుగన్నం పెట్టడం వాడుక. పూర్వం లోటు తెలియలేదు. గాదెల దగ్గర ఎలుకలు దొరికేవి. తలుపులు మూసిన పట్టణపు ఇంట్లో ఆ వేట లేదు. కనుక దుకాణపు ఆహారం కొనడాన్ని తప్పుపట్టను. అయితే ఎంచి కొనవలెను.

ప్రతి ప్రాణికీ సాత్మ్యం వేరు. మాంసంలో లభించే టారిన్ అనే పదార్థాన్ని పిల్లి శరీరం తగినంతగా తయారుచేసుకోలేదు. అది లోపిస్తే చూపు పోతుంది, గుండె కండరం బలహీనమవుతుంది. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పశువైద్యుడు పాల్ పియాన్ బృందం ఈ గుండెజబ్బును దుకాణపు ఆహారం తిన్న పిల్లులలోనే గుర్తించింది! ఆ తరువాతనే తయారీదారులు టారిన్ పాళ్లు పెంచారు.

కాబట్టి పొట్లంపై బొమ్మను కాక అక్షరాలను చూడండి. పిల్లికి సంపూర్ణాహారమని, ఏ వయసుకో, గడువు ఎప్పటివరకో స్పష్టంగా ఉండాలి. కుక్కల ఆహారం చాలదు. విడిగా తూచి అమ్మేది వద్దు. మన ఎండలకు అందులోని కొవ్వు చెడిపోతుంది. పొడి గింజలలో నీరు సుమారు పదోవంతే గనుక పక్కన మంచినీరు ఉంచండి. మనం తాగని ఫ్లోరైడు బోరునీరు దానికీ వద్దు.

‘మూలికలు కలిపినది’ అన్న ముద్రకు మురిసిపోకండి. మనకు ఔషధమైన వెల్లుల్లి, అలాగే ఉల్లి, పిల్లి రక్తకణాలను ఛిన్నం చేస్తాయి. పొడి చేసినా అంతే.

శాకాహార కుటుంబీకులు మాంసం వండనక్కరలేదు, పొట్లం విప్పి పోస్తే చాలు. అందుకూ మనసొప్పనివారు పిల్లిని తెచ్చుకోకపోవడమే మేలు.