వేట ఆగాలి, జాడ తీసే విద్య మిగలాలి

చైత్రం వచ్చిందంటే మన్యంలో వేట మాట వినిపిస్తుంది. అరకు, పాడేరు వైపు ఇటుకల పండుగ రోజుల్లో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి పోవడం, ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేయడం తరాల ఆనవాయితీ. సీతంపేట కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడల మీద బియ్యప్పిండితో వేసే బొమ్మల్లోనూ నెమలి, జింక, విల్లెక్కుపెట్టిన మనిషి పక్కపక్కనే కనిపిస్తారు. మీసం మొలుస్తున్న కుర్రాణ్ణి తండ్రో మేనమామో వెంటబెట్టుకుని అడవికి తీసుకెళ్ళడం అక్కడ ఒక చదువు. గాలి ఎటు వీస్తోందో చూడటం, అడుగు చప్పుడు కాకుండా నడవడం, తొక్కిన గడ్డిని బట్టి జంతువు ఎంతసేపటి కిందట పోయిందో చెప్పడం ఏ బడిలోనూ నేర్పరు. ఈ చదువు నిలవాలి, అందులోంచి చంపడం పోవాలి. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలన్న మాటను నేను ఒప్పుకోను.

కొండగొర్రెనే తీసుకోండి. పేరులో గొర్రె ఉన్నా అది ఇర్రి జాతి. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి, దీని కొమ్ములు రాలవు. పోతుకు చెవుల మధ్య రెండు, వాటి ముందు నుదుటి మీద పొట్టివి మరో రెండు. నాలుగు కొమ్ముల ఇర్రి ఇదొక్కటే. భారత్, నేపాల్ దాటితే ఇంకెక్కడా లేదు. మంద కట్టదు, ఒంటరిగానో జంటగానో తిరుగుతుంది. ఎక్కడపడితే అక్కడ పెంటికలు వేయదు, వేసిన చోటికే మళ్ళీ మళ్ళీ వస్తుంది. నీటికి దూరంగా ఉండలేదు. ఆ పెంటికల కుప్ప, ఆ ఎండాకాలపు చెలమ తెలిసినవాడికి దాన్ని పట్టడం పెద్ద పని కాదు. ఎనిమిది నెలలు మోసి ఒకటి రెండు పిల్లల్ని కనే జంతువు, దప్పికతో చెలమ చేరే రోజుల్లోనే వేట సాగితే తట్టుకోలేదు. పైగా గుంపు వేటలో ఏది ఎదురైతే అదే. 2018 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్ లాల్‌గఢ్ అడవిలో, అక్కడి వేట పండుగ రోజుల్లోనే, పెద్దపులి ప్రాణం పోయింది.

1972 వన్యప్రాణి చట్టం కొండగొర్రెను మొదటి షెడ్యూలులో పెట్టింది. చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. చాలామందికి తెలియని సంగతి మరొకటుంది. ఆ చట్టం లెక్కలో ఉచ్చు పన్నడమూ, జంతువును తోలడమూ వేటే. అంటే అంబు వేసినవాడే కాదు, పొద తట్టి అదిలించిన పద్నాలుగేళ్ళ కుర్రాడూ నేరంలో ఇరుక్కుంటాడు. తండ్రి కోర్టుకు, కొడుకు బాల న్యాయ మండలికి. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసీల సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే వేటను మాత్రం పేరు పెట్టి పక్కన పెట్టింది.

అడవిని తినేసింది గనులు, రోడ్లు, పట్నం తుపాకులు అయితే నింద ఆదివాసీకా అని అడుగుతారు. అడగాల్సిందే. గోడ మీద బొమ్మ వేసినవాడు అడవిని నాశనం చేయలేదు. కానీ ఇప్పటికే ముక్కలైన అడవిలో మిగిలిన కొద్ది జంతువులకు ఆ వాదన రక్షణ ఇవ్వదు. అమెరికాలో పిల్లలకూ ఇర్రుల వేటకు లైసెన్సు ఇస్తారు కదా అనే వాళ్ళూ ఉన్నారు. అక్కడి సంగతి వేరు. న్యూమెక్సికోలో 1969, 1977 మధ్య 90 పైచిలుకు గెమ్స్‌బాక్ ఇర్రులను వదిలారు. ఆఫ్రికా కలహారి జాతి అది. సింహాలు లేని చోట వేలకు పెరిగింది కాబట్టి లాటరీ తీసి వేటాడిస్తున్నారు. మన కొండగొర్రె ఈ నేలది, ముప్పులో ఉన్నది. ఇక పంట పాడుచేసే అడవిపంది విషయంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతితో చంపే దారి చట్టంలోనే ఉంది. రాత్రిపూట కరెంటు తీగ కట్టడం దారి కాదు, ఆ తీగ మనిషినీ చంపుతుంది.

నా అభ్యంతరం ప్రభుత్వం మీద. వేట వద్దని పోస్టరు అంటించి, దాని చోటు ఖాళీగా వదిలేసింది. నల్లమలలో పులుల రక్షణకు చెంచుల జాడ తీసే నేర్పును అటవీశాఖే వాడుకుంటోంది. నాలుగేళ్ళకోసారి జరిగే పులుల గణనకూ అడుగుజాడలు, పెంటికలే మొదటి ఆధారం. అదే పని సీతంపేట కొండల్లో చైత్రమాసంలో గ్రామసభ పేరున జరగాలి. వన్యప్రాణులను కాపాడే అధికారం అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది కూడా. పెద్దలు ముందు నడవాలి, ఆశ్రమ పాఠశాలల పిల్లలు వెనక నోటుబుక్కుతో నడవాలి. కొండగొర్రె పెంటికల కుప్పలు, చెలమలు, కనబడ్డ ఉచ్చులు రాసుకోవాలి, ఉచ్చుల్ని విప్పి తేవాలి. గిడుగు రామమూర్తి సవర మాటలకు నిఘంటువు కూర్చిన నేల ఇది, ఆ నోటుబుక్కులో జాడల పేర్లు సవరలోనే ఉండాలి. పెద్దలకు రోజుకూలీ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఇవ్వాలి, అదీ నెలల తరబడి తిప్పకుండా ఆ చైత్రంలోనే చేతికి అందాలి. ఉచ్చులు పోగేసి తెచ్చిన జట్టు ఊళ్ళోకి వస్తుంటే ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండ పక్కన పెడతారా లేదా అన్నది వాళ్ళే తేల్చుకుంటారు.