యూనిఫామ్‌కి పేరుంది, మనిషికి లేదు

పాత సిగరెట్ కార్డుల మీది సైనికుల బొమ్మల్ని ‘వింటేజ్ ఆర్ట్’ అంటూ షేర్ చేసే మిత్రులతో నాకో పేచీ ఉంది. అందంగా ఉంటాయి, కాదనను. బొత్తాలు, జరీ, తలపాగా మడతలు, అన్నీ అగ్గిపెట్టెకన్నా కాస్త పొడుగైన అట్టముక్క మీద! కానీ వాటిని పోర్ట్రెయిట్లు అనకండి. పోర్ట్రెయిట్‌లో ఒక మనిషి ఉండాలి.

1938లో జాన్ ప్లేయర్ అండ్ సన్స్ సామ్రాజ్యపు సైనిక యూనిఫామ్‌ల మీద 50 కార్డులు వేసింది. మన రెజిమెంట్లూ ఉన్నాయి వాటిలో. రెజిమెంట్ పేరుంటుంది, వెనకవైపు దాని ఘనత ఉంటుంది. ఆ బట్టల్లో నిలబడ్డవాడెవడో ఉండదు. అదే ఏడాది అదే కంపెనీ క్రికెటర్ల కార్డులూ వేసింది. అక్కడ ప్రతి మొహానికీ పేరుంది.

“యూనిఫామ్‌ల సీరీస్ కదా, పేరెందుకు? బ్రిటిష్ సిపాయికి మాత్రం వేశారా?” అంటారు. వెయ్యలేదు, నిజమే. కానీ ఆ సిపాయి చచ్చిపోతే పేరు రాతి మీదికెక్కేది. మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలో పోయినవాళ్ల కోసం కట్టిన బస్రా స్మారకం చూడండి. భారతీయుల్లో అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలు మాత్రం రెజిమెంట్ పేరు కింద ఒక అంకె, అంతే. ఇలాంటి వివక్షకి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ క్షమాపణ చెప్పింది 2021లో! కార్డుదీ రాయిదీ ఒకటే లెక్క: రెజిమెంట్ ఉంటే చాలు.

ఇదంతా అమాయకపు వ్యాపార ప్రకటన అనే వాదన కూడా నాకు మింగుడుపడదు. 1915లో విల్స్ కంపెనీ వాటర్లూ యుద్ధం శతజయంతికి కార్డులు తయారుచేసి, అప్పటికి మిత్రపక్షమైన ఫ్రెంచివాళ్లు నొచ్చుకుంటారని బయటికి వదల్లేదు. అట్టముక్క మీది బొమ్మ ఎవరికి తగులుతుందో వాళ్లకి బాగా తెలుసన్నమాట.

మనకిది దూరపు సంగతి కాదు. ఉత్తరాదిన ఒకప్పుడు కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అనేవాళ్లు, తెలుగు నేల నుంచి వెళ్లిన సిపాయిల వల్ల. తర్వాత ఆ కోటు తొడుక్కున్న ఎవడైనా తిలంగాయే. ఊరి పేరు ఉద్యోగానికి అంటుకుంది, అసలు మనుషుల పేర్లు ఎటుపోయాయో.

కార్డులు దాచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఈసారి పోస్టు చేసేటప్పుడు వెనకవైపు కూడా ఫొటో తీసి పెట్టండి.