బత్తాయికి పిచికారీ: పెరిగిన బరువు తరుగులో పోరాదు

నల్లగొండ బత్తాయి ధరను నిర్ణయించేవి మూడు: కాయ సైజు, తొక్క నిగ్గు, లోపలి రసం. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి. మూడవది కోస్తే గాని తెలియదు. ఆకులపై పోషకాలను పిచికారీ చేసే పద్ధతి ఈ మూడింటినీ కొంతమేరకు మెరుగుపరచగలదని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. చిట్యాల, నకిరేకల్ ప్రాంతాల రైతులలో కొందరు ఆచరిస్తున్నారు కూడా. అయితే ఆ ఖర్చు రైతుకు తిరిగి వచ్చేదీ రానిదీ తేలుతున్నది మాత్రం కాటా దగ్గరే. కనుక ఇది తోటమాలికి సంబంధించిన విషయమని వర్తకులు పక్కన పెట్టడానికి వీలులేదు.

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద ఉన్న చిట్యాలకు పండ్ల మార్కెట్ దూరం కాదు. 2021లో గడ్డిఅన్నారం మార్కెట్ మూతపడి వ్యాపారం అదే రహదారిపై ఉన్న బాటసింగారానికి తరలిన తరువాత దారి మరికొంత దగ్గరయింది. సరుకులో మంచి భాగం ఢిల్లీ, కోల్‌కతా వంటి దూరపు మార్కెట్లకు పోయేదే. అక్కడి కొనుగోలుదారు ఒకే సైజు కాయను కోరతాడు. ఇక్కడి లారీలో పెద్దకాయ, మధ్యరకం, గోలీకాయ కలిసి ఉంటే మొత్తం సరుకుకు చిన్నకాయ ధర పలుకుతుంది. ఇది వర్తకులకు అనుభవమే.

చేయగలిగినది, చేయలేనిది

ఈ ప్రాంతపు ఎర్ర చెల్క నేలలు సారం తక్కువవి. సున్నపు పాలు ఉన్న చోట్ల, క్షార గుణం గల బోరు నీరు పారే చోట్ల జింకు, ఇనుము నేలలో ఉన్నా వేరుకు అందవు. ఆకు చిన్నదై, ఈనెల మధ్య పసుపు పచ్చగా మారి, కొమ్మ చివర గుత్తిగా నిలిచిపోతుంది. అటువంటి చెట్టుకు నేలలో ఎంత ఎరువు వేసినా జింకు లోపం తీరడం కష్టం. ఆకు ద్వారా ఇవ్వడమే దగ్గరి దారి.

ఇందుకు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి చెబుతున్న మిశ్రమం ఖరీదైనది కాదు. లీటరు నీటికి జింకు సల్ఫేటు 5 గ్రాములు ముఖ్య భాగం. దానితో మాంగనీసు, మెగ్నీషియం, ఇనుము సల్ఫేట్లు తక్కువ మోతాదులో, బోరాక్స్ స్వల్పంగా, కొద్దిగా యూరియా చేరతాయి. జింకు సల్ఫేటు పులుపు ఆకును మాడ్చకుండా సున్నం కలుపుతారు. కొత్త చిగురు మూడింట రెండు వంతులు విచ్చుకున్నప్పుడు, ఎండ తీవ్రత లేని వేళ, ఆకు అడుగు భాగం కూడా తడిసేలా కొడితేనే ఫలితం. ముదిరిన ఆకు మీది మైనపు పొర మందును లోపలికి పోనివ్వదు. సూక్ష్మ పోషకాలను ఒకే పొట్లంగా కలిపిన ‘అర్క సిట్రస్ స్పెషల్’ మిశ్రమాన్ని బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించింది.

ఇక చేయలేనిది. పిచికారీ నేల ఎరువుకు బదులు కాదు. లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. 13–0–45గా అమ్మే పొటాషియం నైట్రేటును లీటరుకు 10 గ్రాముల చొప్పున, ఎకరాకు 500 లీటర్ల నీటితో కొట్టారనుకుందాం. వాడినది 5 కిలోలు. అందులో పొటాషు 45 శాతం, అనగా రెండుంబావు కిలోలు. తోట నుంచి పోయే ప్రతి టన్ను కాయ సుమారు రెండు కిలోలకు పైగానే పొటాషును తీసుకుపోతుంది. ఒక పిచికారీలో కొట్టినదంతా చెట్టుకు అందినా ఒక టన్ను కాయ అవసరమే తీరుతుంది. ఎకరాకు ఆరేడు టన్నులు ఆశించే రైతుకు మిగతాది పశువుల ఎరువు, నేలలో వేసే ఎరువుల నుంచే రావాలి. కాయ ఊరే దశలో, వేరు చాలినంత అందించలేని సమయంలో చెట్టుకు ఊతమివ్వడమే పిచికారీ పని.

పిందె నిలవడమే సగం పంట

బత్తాయి చెట్టు పూసినదంతా కాయదు. వంద పూలలో రెండో మూడో కాయలుగా నిలిస్తే మంచి కాపు కిందే లెక్క. కనుక రాలే పిందెలో కొద్ది భాగాన్ని ఆపగలిగినా దిగుబడిలో తేడా కనిపిస్తుంది. ఇందుకు 2,4–డి మందును పది లక్షల పాళ్లకు 10 పాళ్ల చొప్పున, అనగా 100 లీటర్ల నీటికి ఒక గ్రాము కలిపి కొట్టడం, లేదా ప్లానోఫిక్స్‌ను నాలుగున్నర లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున వాడటం చాలాకాలంగా ఉన్న సిఫారసు.

ఇక్కడ హెచ్చరిక ఒకటి అవసరం. 2,4–డి ఎక్కువ మోతాదులో కలుపు మందు. పత్తి దానికి అత్యంత సున్నితమైన పైరు. చిట్యాల చుట్టుపక్కల బత్తాయి తోట గట్టు అవతల పత్తి చేను ఉండటం మామూలే. గాలి వీచే వేళ కొడితే పక్కచేను ఆకు ముడుచుకుపోతుంది, తగవు పంచాయితీకి చేరుతుంది. కలుపు మందు కొట్టిన పంపును కడగకుండా తోటకు వాడినా నష్టమే.

విదేశాల అనుభవమూ సమయపాలన విలువనే చెబుతున్నది. కాలిఫోర్నియాలో అలీ, లోవట్ అనే పరిశోధకులు 1994లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పూతకు ముందు చలికాలంలో బైయూరెట్ తక్కువగా గల యూరియాను ఆకులపై కొట్టడం వల్ల వాషింగ్టన్ నేవెల్ నారింజ దిగుబడి పెరిగింది. మన తోటలలో చెట్టుకు విశ్రాంతినిచ్చేది చలి కాదు, నీరు ఆపి బెట్టకు గురిచేయడం. కనుక అక్కడి తేదీలను ఇక్కడ అనుసరించడం తగదు. అయినా ఒక పాఠం ఉన్నది. బైయూరెట్ అనే మలినం నిమ్మజాతి ఆకులకు చేటు. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు మామూలు యూరియాలో దానిని ఒకటిన్నర శాతం వరకు అనుమతిస్తున్నది. ఆకులపై వాడే యూరియాలో అది పావు శాతం దాటరాదన్నది నిమ్మజాతి తోటల నిపుణుల మాట. సంచి యూరియానే మాటిమాటికి ఆకుపై కొట్టే తోటలో ఆకు కొసలు పసుపెక్కితే ఆశ్చర్యపడనవసరం లేదు.

పసుపు ఆకంతా జింకు లోపం కాదు

బోదె తెగులు, వేరుకుళ్లు పట్టిన చెట్టు ఆకూ పసుపెక్కుతుంది. సిట్రస్ గ్రీనింగ్ తెగులు మరీ మోసకారి. దాని తొలి గుర్తులు జింకు లోపాన్ని పోలి ఉంటాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో 2005లో ఈ తెగులు బయటపడిన తరువాత అనేకులు పోషకాల పిచికారీతో చెట్లను నిలబెట్టవచ్చునని భావించారు. 2012లో ప్రచురితమైన గాట్‌వాల్డ్ బృందం పరిశోధన ఆ ఆశను సమర్థించలేదు. పోషక మిశ్రమాల వల్ల తెగులు తగ్గలేదు, కాయ నాణ్యతా చెప్పుకోదగినంతగా మారలేదు. జబ్బు చెట్టుకు బలం మందు పోయడం రైతు డబ్బుకు చేటు, పక్క చెట్లకు ముప్పు.

తొక్క మీది మంగు సంగతీ అంతే. మంగు నల్లి గీకడం వల్ల వచ్చే గోధుమ రంగు అది. పోషకాలతో పోయేది కాదు, గంధకం వంటి నల్లి మందును సకాలంలో కొట్టాలి. మంగు సాధారణంగా తొక్కకే పరిమితం, రసంలో తేడా స్వల్పం. అయినా ధరలో కోత మాత్రం పెద్దది.

సీసాల వ్యాపారం

ఈ లోపాలను ఆసరా చేసుకుని పెరిగినది సీసాల వ్యాపారం. కాయ ఊరుతుందని, రంగు వస్తుందని, పూత ఆగుతుందని రకరకాల పేర్లతో ద్రవాలు ఎరువుల దుకాణాలకు చేరాయి. వీటిలో అధిక భాగాన్ని జీవ ఉత్ప్రేరకాలు అంటారు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి కేంద్రం వీటిని 2021లో తెచ్చింది. అంతవరకు వీటిపై అదుపు లేదు. సుమారు 30 వేల ఉత్పత్తులు ఏళ్ల తరబడి తనిఖీ లేకుండా అమ్ముడుపోయాయని, కట్టుదిట్టం చేసిన మీదట వాటి సంఖ్య 650 ప్రాంతానికి దిగిందని కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ 2025 జులైలో ప్రకటించారు. యూరియా, డిఎపి కోసం వచ్చిన రైతుకు నానో ఎరువులను, ఉత్ప్రేరకాలను బలవంతంగా అంటగట్టరాదని కూడా ఆయన అప్పుడే రాష్ట్రాలకు సూచించారు.

దుకాణదారు అరువిచ్చిన సీసా ఖరీదు చివరకు బత్తాయి అమ్మకం డబ్బులోంచే తీరాలి. తోటపై బయానా ఇచ్చిన వర్తకుడి సొమ్ము కూడా ఆ కాపు మీదనే ఆధారపడి ఉన్నది. పనికిరాని సీసాకు పోయిన ప్రతి రూపాయి ఆ బాకీ వసూలును కూడా బలహీనపరుస్తుంది.

కాటా లెక్క

ఇప్పుడు అసలు విషయం. ఉదాహరణకు మంచి మిశ్రమంతోనే మూడు పిచికారీలకు, కూలితో కలిపి, ఎకరాకు 6 వేల రూపాయలు ఖర్చయిందనుకుందాం. టన్ను ధర 20 వేలు అనుకుంటే ఆ ఖర్చు రాబట్టడానికి 300 కిలోల కాయ అదనంగా పండాలి. ఆరు టన్నుల తోటలో ఇది 5 శాతం. పోషక లోపం ఉన్న తోటలో సాధ్యం కాని పెరుగుదల కాదు.

అదే ఆరు టన్నులపై టన్నుకు 50 కిలోలు తరుగు తీస్తే? సరిగ్గా 300 కిలోలే. మూడుసార్లు పంపు భుజాన మోసి సంపాదించినది ఒక్క తూకంలో పోయినట్లే. టన్నుకు 100 కిలోలయితే రైతు తన చేతి నుంచి మరో 6 వేలు పెట్టుకున్నట్లు. అనంతపురం వైపు ‘సూట్లు’ అని, ఇక్కడ తరుగు అని, పేరు ఏదైనా లెక్క ఒక్కటే. నిబంధనలలో లేని కోతలకు 1966 నాటి మార్కెట్ల చట్టం చోటివ్వదు. తోట దగ్గర జరిగే కొనుగోలులో ఆ చట్టం గుర్తుకు రావడం అరుదు.

వర్తకుల వాదన కూడా వినదగినదే. దూర ప్రయాణంలో కాయ బరువు తగ్గుతుంది. దెబ్బ తగిలినది కుళ్లుతుంది. తొడిమలు, పగుళ్లు, గోలీకాయ తూకంలో కలిసి వస్తాయి. పిచికారీ కాయ పైకి పెద్దది, లోపల తొక్క మందం అనే ఫిర్యాదూ ఉన్నది. ఇది పూర్తిగా అపోహ కాదు. పొటాషు మితిమీరితే తొక్క దళసరి అవుతుంది, పులుపు పెరుగుతుంది. నత్రజని మితిమీరితే రసం తగ్గుతుంది, రంగు ఆలస్యమవుతుంది. జ్యూసు దుకాణాలకు పోయే సరుకులో ఇది నష్టమే.

ఈ వాదనలకు జవాబు టోకు కోత మాత్రం కాదు. పగిలిన కాయను ఏరి పక్కన పెట్టి, మిగిలిన సరుకును మూడు సైజులుగా విడదీసి, దేని ధర దానికి కట్టవచ్చు. రసం మీద అనుమానం ఉంటే ప్రతి లాటు నుంచి పది కాయలు తూచి, పిండి, రసాన్ని తిరిగి తూచితే పది నిమిషాలలో నిజం తెలుస్తుంది. ఏరడానికయ్యే హమాలీ ఖర్చు ఎవరు భరించాలన్నది ముందే మాట్లాడుకోవలసిన విషయం. రసం లేని పెద్దకాయకు ధర తగ్గించడం న్యాయం. అందరి కాయనూ ఒకే కోతతో కొలవడం శ్రద్ధగా సాకిన రైతుకు శిక్ష, అశ్రద్ధ చేసిన వాడికి బహుమానం.

సరుకు ఉంటేనే వర్తకం

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో కరవు, బోర్లు ఎండిపోవడం, వేరు తెగుళ్ల వల్ల బత్తాయి తోటలు ఎన్నో కొట్టివేతకు గురయ్యాయి. ఆ నేలలలోకి పత్తి, వరి వచ్చాయి. ఒకసారి తీసిన తోట తిరిగి నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. ఢిల్లీ కొనుగోలుదారుకు ఈలోగా వేరే దారులు ఉన్నాయి. మహారాష్ట్రలోని జాల్నా మోసంబి 2016లోనే భౌగోళిక గుర్తింపు పొందింది. చలికాలంలో పంజాబ్ కిన్నో మార్కెట్‌ను ముంచెత్తుతుంది. ఇక్కడి సరుకు సైజు, రసం నిలకడగా లేకపోతే గిరాకీ అటు మళ్లడానికి ఎంతో కాలం పట్టదు.

కొండమల్లేపల్లిలో ఉద్యాన పరిశోధన స్థానం ఉన్నది. ఏ తోటకు ఏ లోపమో ఆకు పరీక్ష ద్వారా తేల్చుకుని, అవసరమైనదే కొట్టే రైతును పెంచుకోవడం వర్తకుల ప్రయోజనమే. అందుకు వారు ఉపన్యాసాలు ఇవ్వనవసరం లేదు. వచ్చే సీజను కాపుకు బయానా ఇచ్చేటప్పుడే సైజు వారీ ధరను, ఏరిన తరువాతనే తూకం అనే షరతును చీటీపై రాసి ఇస్తే చాలు. పెద్దకాయకు పెద్ద ధర ఖాయమని తెలిసిన రైతు ఏ సీసా కొనాలో, ఏది కొనరాదో తానే లెక్క చూసుకుంటాడు. తరుగు కొనసాగినంతకాలం మాత్రం పిచికారీ మీద పెట్టే ఖర్చు అతనికి నష్టంగానే కనిపిస్తుంది. ఆ నష్టం తరువాతి కాపులో గోలీకాయగా, ఆ తరువాత కొట్టేసిన తోటగా అడ్తి దుకాణానికే తిరిగి వస్తుంది.